గుడ్డ కుక్కిన గంట

పొగమంచులో పొద్దు గుంకింది. ఎస్తేరుకు తన పడవ ముక్కు కూడా కనిపించడం లేదు. పడవ ఎడమ అంచుకు కట్టిన గెడ నుంచి జారిన గాలం ఇంకా వెనకాల నీళ్లలో ఈదుతూనే ఉంది. సాల్మన్ చేప గాలానికి చిక్కితే గెడ కొసన గంట మోగుతుంది.

కుడి గెడ ఆమె భర్త ఏమోస్‌ది. నిరుడు అతను వేట నుంచి తిరిగి రాలేదు. అప్పటినుంచి దానికి గాలం కట్టలేదు. దాని గంటలో గుడ్డ కుక్కేసింది.

ఆ గంట మోగింది.

"గాలికేమో వదినా," అన్నాడు పడవ ముందు కూర్చున్న మరిది విల్లిస్.

"గాలెక్కడుందయ్యా?"

మళ్లీ మోగింది, ఈసారి గట్టిగా. ఎస్తేరు చుక్కాని తిప్పి పడవను కుడికి మళ్లించింది. మరుక్షణం ఎడమపక్కన, చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో, అలలు బండరాళ్లకు కొట్టుకున్న చప్పుడు.

విల్లిస్ పాక్కుంటూ వెళ్లి, గెడను లోపలికి వంచి గంటను తడిమాడు. "వదినా... గుడ్డ ఇంకా లోపలే ఉంది."

"బతికున్నప్పుడూ ఇంతే. నేను పడవ నడిపితే నోరు మూసుకుని కూర్చునేవాడు కాదు." ఎస్తేరు కళ్లు తుడుచుకుంది. "తీసెయ్ ఆ గుడ్డ."

విల్లిస్ లాగేశాడు. ఎస్తేరు కుడి గెడ వైపు తిరిగింది.

"ఊఁ, ఇప్పుడు చెప్పు. ఇల్లెటు?"