అలసిపోని చెయ్యి

"ఎర్రదే కొనమని చెప్పమను మీ నాన్నని. ఆ బూడిదరంగుదాన్ని ట్రైసికిల్ బండిలోకి ఎత్తేదెవరు? నువ్వా?" అంది నెనీటా, పెనం మీద ఎండుచేపలు తిరగేస్తూ.

"నేనే ఎత్తుతానమ్మా! నిన్నట్నుంచీ అదే చెబుతున్నా."

"చెబుతావు. చివరికి మీ నాన్న భుజమే పోవాలి."

"చివరికి నా చదువే పోవాలి, అలా చెప్పు!" అంది దివీనా.

గొడవంతా గోడవార, బాలయేసు బొమ్మ కింద పక్కపక్కనే ఉన్న రెండు యంత్రాల గురించి. టెన్నిస్ బంతులు విసిరే యంత్రాలు. చక్రాలున్న పెట్టెల్లా ఉన్నాయి. ఎర్రది చిన్నది, బూడిదరంగుది పెద్దది. రెండిట్లో ఒకటి టెన్నిస్ క్లబ్బు కొంటుంది. ఏది కొనాలో దివీనా తండ్రి ఎర్మింగ్‌నే తేల్చమన్నారు క్లబ్బు ప్రెసిడెంటుగారు. ఇరవై ఆరేళ్లుగా ఆ క్లబ్బు సభ్యులతో బంతులు కొట్టే ట్రైనర్ అతను. బంతి సంగతి అతనికి తెలిసినట్టు ఇలోయిలో ఊళ్లో ఇంకెవరికీ తెలియదని ఆయనే అన్నారట.

"క్లబ్బు షెడ్డులో పెట్టక, ఇంటికెందుకు మోసుకొచ్చావురా?" అని నిన్ననే అడిగింది అతని తల్లి, దివీనా నాయనమ్మ, లోలా పాసింగ్.

"అక్కడుంటే బెర్తోవాళ్లు ఏం చేస్తారో," అన్నాడు ఎర్మింగ్. బెర్తో, ఇంకో ఇద్దరు కూడా ట్రైనర్లే.

"నిన్నడిగారని కుళ్లు," అని తేల్చేసింది నెనీటా.

దివీనాకి మూడు వారాలే మిగిలాయి. యూనివర్సిటీ జట్టుకి ఎంపిక. నెగ్గితే చదువూ హాస్టలూ వాళ్లే చూసుకుంటారు. లేకపోతే మేనత్త కొట్లో బాచోయ్ నూడుల్స్ గిన్నెలు కడుక్కోవడమే. పోయినేడు తొలి ఆటలోనే ఓడింది. బంతి ఎడమవైపు భుజం ఎత్తున లేచిందంటే చాలు, చెయ్యి తడబడుతుంది. అలాంటివి రోజుకి మూడొందలు కొట్టాలి. ఎవరు వేస్తారు? నాన్న పొద్దుటినుంచీ డాక్టర్లతో, లాయర్లతో కొట్టీ కొట్టీ, ఇంటికొచ్చాక అన్నం గిన్నె కూడా ఎత్తలేడు. గోడకేసి కొడదామంటే బంతి మోకాలు దాటి లేవదు.

తెల్లవారుజామున, సభ్యులు రాకముందు, క్లబ్బు వెనక కోర్టు ట్రైనర్ల పిల్లలదే. ఎప్పటినుంచో ఉన్న అలవాటు. యంత్రం అక్కడుంటే చాలు. ఆ ఒక్క ఆశమీదే బతుకుతోంది ఆ పిల్ల.

ఈ పొద్దున రెండిట్నీ అక్కడికి తీసుకెళ్లి పరీక్షించి తెచ్చారు తండ్రీకూతుళ్లు. ఎర్మింగ్ బంతుల్ని బకెట్టు నీళ్లలో ముంచి మరీ తెచ్చాడు. "మన వానల్లో పొడిబంతి ఎక్కడ దొరుకుతుంది?" అన్నాడు. పదకొండో తడిబంతికి ఎర్రదాని గొంతు పట్టేసింది. బూడిదరంగుది నూట యాభై మింగి నూట యాభై కక్కింది.

"దాని బంతి ఎలా ఉంది, ఇందాయ్? నా బంతిలా ఉందా?" అన్నాడు, కూతుర్ని ముద్దుగా పిలుస్తూ.

"నీకంటే నయం నాన్నా. పొద్దున పదయ్యేసరికి నీ బంతిలో బలం తగ్గిపోతుంది. దానిది తగ్గదు."

అతను తలూపి, యంత్రం మూతమీది తడిని చొక్కా అంచుతో తుడిచాడు.

ఇప్పుడు దివీనా పళ్లెం పక్కకి నెట్టేసింది.

"ఒక్కసారి వినమ్మా. దానికి భుజం నొప్పి రాదు. ఎండదెబ్బ తగలదు. నాలుగు గంటలు ఆపకుండా వేస్తుంది, ఎటు కావాలంటే అటు. ఇంకేం కావాలి?"

"మూడింటికి మెరియెందా ఫలహారం పెట్టమని అడగదా?" అంది లోలా పాసింగ్.

"అడగదు లోలా."

"అయితే నా కొడుకు కంటే నయమే. వీడికి వేయించిన అరటిపండు పడందే రాకెట్టు లేవదు."

నెనీటాకి కూడా నవ్వొచ్చింది. అందరి తర్వాత ఎర్మింగ్ నవ్వాడు.

దివీనా నవ్వలేదు. కన్నీళ్లు తుడుచుకుంటూ తండ్రి చెయ్యి పట్టుకుంది. "నాన్నా, నువ్వేదంటే అదే కొంటారు. ఎర్రదన్నావంటే నా పని అయిపోయినట్టే. నాకింకెవరున్నారు చెప్పు?"

"బెర్తో కూడా ఎర్రదే చెప్పమన్నాడు," అన్నాడు ఎర్మింగ్ మెల్లగా. "బతిమాలాడు."

"వాడికేం పోయేకాలం? మన పిల్ల బాగుపడకూడదనా?" నెనీటా గరిట పక్కన పెట్టింది. "అంత లావు కన్నీళ్లు నేను చూళ్లేను. బూడిదరంగుదే చెప్పెయ్. నిజంగా మంచిదేగా?"

"తడిబంతి మింగలేని ఎర్రదాన్ని మంచిదని ఎలా చెప్పను?" అన్నాడు ఎర్మింగ్.

అతను చెయ్యి కడుక్కుని, ఫోన్ తీసుకుని వాకిట్లోకి వెళ్లాడు. "బూడిదరంగుదే సర్," అనడం లోపలికి వినిపించింది. ఆ తర్వాత చాలాసేపు ప్రెసిడెంటుగారే మాట్లాడారు. అతను "సరే సర్" అన్నాడు, రెండుసార్లు.

వచ్చి కూర్చున్నాడు. దివీనా వెళ్లి అతని మెడ చుట్టేసింది. "రేపు నాలుగున్నరకే లేస్తా నాన్నా! వెనక కోర్టుకి—"

"సోమవారంనుంచి. వెనక కోర్టుకి కాదు, ప్లాజా పక్కన ఊరుమ్మడి సిమెంటు కోర్టుకి."

"అంత దూరం యంత్రాన్ని ఎవరు తెస్తారు?" అంది నెనీటా.

ఎర్మింగ్ తల్లిని చూశాడు, భార్యని చూశాడు. కూతురి చెయ్యి తన భుజంమీదే ఉంచుకుని, గొంతు పెంచకుండా చెప్పాడు.

"మనకి యంత్రం అక్కర్లేదు, ఇందాయ్, నీకు పొద్దస్తమానం నేనే వేస్తాను. సోమవారంనుంచి క్లబ్బులో మా నలుగురి బదులూ అదే కొడుతుంది."