గంగమ్మ దోవలో కటౌట్లు

"ఎవురప్పా ఈటిని ఈడ నిలబెట్టింది? పీకేయండి ముందు!"

ఏకాంబరం కేకకు డప్పులవాళ్లు కూడా వాయించడం ఆపేశారు. ఆయన గంగమ్మ జాతర ఉత్సవ సంఘానికి పెద్ద. ఇంకాసేపట్లో ఊరేగింపు రావాల్సిన వీధిలో, ఎస్టీడీ బూత్ పక్కన, సినిమా హీరోల కటౌట్లంత ఎత్తున పొడుగాటి కర్రలమీద నాలుగు బొమ్మలు నిలబడి ఉన్నాయి. కుష్టుతో వేళ్లు పోయిన జైతున్‌బీ చేతినిండా గాజులతో నవ్వుతోంది. మురిక్కాలువలు తీసే మునిరామయ్య మీసం మెలేస్తున్నాడు. అలిపిరి మెట్ల దగ్గర అడుక్కునే చూపులేని రాఘవమ్మ గొంతెత్తి పాడుతోంది. అందరికంటే ఎత్తున, గులాబీరంగు చీరలో, నడుంమీద చెయ్యేసుకున్న హిజ్రా వసంతమ్మ.

ఆ వసంతమ్మే ఇప్పుడు తన బొమ్మ కింద చేతులు చాపి అడ్డంగా నిలబడింది.

"పీకేదానికి ఇవేమన్నా ముల్లంగి గడ్డలా సామీ? మా చక్రధర్ నేలమీద పరుసుకోని, పాక్కుంటా పాక్కుంటా గీసిన బొమ్మలు!"

"ఆ కుంటోడా? గంగమ్మ ఊరేగే దోవలో మీలాంటోళ్ల బొమ్మలా? చీర కట్టుకోని నడీదిలో నిలబడేదానికి నీకు సిగ్గు లేదా? జరుగు పక్కకు!"

"సిగ్గుపడేపని నేనేం జేసినా?" వసంతమ్మ కదల్లేదు.

సంఘం మనుషులు కటౌట్ల తాళ్లమీద చెయ్యి వేశారు. జాతరకు వచ్చే ఊరంతా వీళ్లను ఒక్కసారైనా తలెత్తి చూడాలన్నది చక్రధర్ పంతం. ఇప్పుడు తాళ్లు కోస్తే ఎవరూ చూడకముందే బొమ్మలన్నీ మట్టిపాలు.

అంతలో గంట మోగించుకుంటూ మూడు చక్రాల సైకిలొకటి జనాన్ని చీల్చుకుంటూ వచ్చింది. దానిమీద చక్రధర్. ఒంటిమీద చిలకపచ్చ పట్టుచీర, ముఖానికి పసుపు, నుదుట రూపాయి కాసంత బొట్టు, సవరం జడ నిండా మల్లెలు. పోలియోతో సన్నబడిన కాళ్లకు గజ్జెలు.

ఏకాంబరం తిట్టు నోట్లోనే ఉండిపోయింది. జాతరలో మొక్కున్న మగవాళ్లు ఆడవేషం కట్టడం తిరుపతిలో తాతలనాటి ఆచారం. వేషంలో ఉన్నంతసేపూ వాళ్లు ఏకాంబరానికి సాక్షాత్తూ గంగమ్మే. పొద్దున్నే ఎదురొస్తే అపశకునమని రోజూ తప్పుకుపోయే ఆ కాళ్ల దగ్గరే ఆయన చెప్పులు విడిచి, వంగి చేత్తో తాకి మొక్కాడు. చక్రధర్ ఒళ్లు పులకరించింది. ఆ కాళ్లను అంత భక్తిగా తాకిన చెయ్యి ఇంతవరకూ లేదు.

"ఏం కావాల తల్లీ?" అన్నాడు ఏకాంబరం.

"ఈ బొమ్మలు ఈడే ఉండాల."

"ఇంకేమన్నా అడుగు తల్లీ."

"ఇదే కావాల."

"పోనీ, ఆ వసంతమ్మ బొమ్మొకటి తీసేసి..."

"దానికి నువ్వే నీ చేత్తో బొట్టు పెట్టాల!"

డప్పులవాళ్లు ఈలలు వేశారు. జనం విరగబడి చూస్తున్నారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టు ఏకాంబరం అటూ ఇటూ చూశాడు. గంగమ్మ అడిగింది కాదంటే ఇంకేమన్నా ఉందా? చివరికి బూత్ ముందున్న స్టూలు లాక్కుని, ఎక్కి, అందినంత పైకి చెయ్యి చాపి, నుదురు అందక బొమ్మలోని వసంతమ్మ పాదాలకే కుంకుమ అద్దాడు.

వసంతమ్మ భోరున ఏడ్చింది. ఏడుస్తూనే చప్పట్లు కొట్టింది. డప్పులు ఒక్కసారిగా అందుకున్నాయి. చంకలో పిల్లలతో ఆడవాళ్లు, మొక్కు తీర్చుకునే మగవాళ్లు అందరూ తలలెత్తి చూస్తున్నారు. "మన జైతున్‌బీ గదా!" అంటున్నారు. "మునిరామయ్య రాజా మాదిరి ఉండాడే!" అంటున్నారు. చక్రధర్ ఆనందానికి పట్టపగ్గాలు లేవు.

ఏకాంబరం చెమట తుడుచుకుంటూ సైకిలు దగ్గరికి వచ్చాడు. కోపం తెచ్చుకుందామంటే నవ్వొచ్చింది.

"భలే ఇరికించినావబ్బా నన్ను! రేపు నువ్వు వేషం తీసేసినాక సూడు, చెప్తా నీ కత!"

చక్రధర్ పైట సర్దుకుని, ఆయన కళ్లల్లోకి చూసి నవ్వింది.

"తీసేసే వచ్చినాను పెద్దాయనా. ఇన్నేండ్లూ నేను కట్టింది మగవేషం."