గోడ దగ్గర వేగం

హేమ్లి పిడికిట్లో సుద్దముక్క చెమటకు మెత్తబడింది.

బల్లకు అవతల ఇద్దరు కూర్చున్నారు. ఒకరు ఖమ్మం నుంచి వచ్చిన ఎగ్జామినర్ వెంకటప్పయ్య. ఇంకొకరు పాఠం చెప్పిన రామ్‌సింగ్ సార్.

రామ్‌సింగ్ సార్ ఆమెకు బావ. భర్త లాల్‌సింగ్‌కు సొంత అన్న.

వాళ్ల తండాలో కోడలు బావ ముందు కొంగు దించదు, నోరు విప్పదు. ఆయన కూడా ఆమె పేరు పలకడు.

పెళ్లయిన ఏడాదికి హేమ్లికి ఇంజనీరింగ్ సీటు వచ్చింది. అత్త జమ్లి ఒప్పుకుంది గానీ ఒక మాట అనే ఒప్పుకుంది.

"ఫెయిలయినా, మర్యాద తప్పినా పుస్తకాలు పొయ్యిలకే."

అప్పటికి బావ ఈ కాలేజీలో లేడు.

రెండో ఏడు ఫ్లూయిడ్ మెకానిక్స్‌కు కొత్త సార్ వస్తున్నాడంటే అందరితో పాటు ఆమె కూడా తలెత్తి చూసింది. చూసి, కొంగు నెత్తి మీదికి లాక్కుంది.

హాజరు వేసేటప్పుడు ఆయన అందర్నీ పేరుతో పిలిచేవాడు. ఆమె వంతు వస్తే నంబరు చదివేవాడు. ఆమె బెంచీ మీద మెల్లగా తట్టేది. క్లాసు కొన్నాళ్లు నవ్వుకుని ఆ తర్వాత మరిచిపోయింది.

సాయంత్రం ఆయన స్కూటరు మీద తండాకు పోయేవాడు. అదే తండాకు ఆమె బస్సులో పోయేది.

బోర్డు దగ్గర లెక్క చేయడానికి ఆయన అందర్నీ పిలిచేవాడు, ఆమెను తప్ప. బతికిపోయాననుకునేది.

కానీ రెండు పలకల మధ్య జిగట ద్రవం ఎలా పారుతుందన్న లెక్క దగ్గర ఆమె బండి ఆగిపోయింది. సమీకరణాన్ని రెండుసార్లు ఇంటిగ్రేట్ చేస్తే రెండు స్థిరాంకాలు మిగిలేవి. వాటిని ఏం చేయాలో తెలిసేది కాదు. అడుగుదామంటే నోరు లేదు.

పక్కన కూర్చునే సత్తుపల్లి పిల్ల పద్మావతి చెవిలో చెబితే, పద్మావతి లేచి అడిగేది.

నీ ఒక్కదానికే ఇన్ని డౌట్లేంటని సార్ పద్మావతిని విసుక్కునేవాడు. విసుక్కుంటూనే మళ్లీ మొదటినుంచి చెప్పేవాడు, మెల్లగా, ఆ బెంచీ వైపు మాత్రం చూడకుండా.

అట్లా నేర్చుకుంది.

ఇప్పుడు పద్మావతి తలుపు బయట తన వంతు కోసం నిలబడి ఉంది.

బోర్డు మీద లెక్క పూర్తయింది. గోడల్లాంటి ఆ రెండు పలకల దగ్గరా వేగం సున్నా అని వేసి, స్థిరాంకాలు రెండూ తేల్చి, కింద బొమ్మ గీసింది. గోడల దగ్గర ఏమీ లేదు. నడుమకు వచ్చేకొద్దీ వేగం పెరిగింది.

వెంకటప్పయ్య తృప్తిగా తలూపాడు.

"గోడ దగ్గర సున్నా అని ఎందుకేశావమ్మా?"

ఆమెకు తెలుసు.

రాసి చూపబోయింది. వద్దన్నాడు.

"రాసేది అందరూ రాస్తారు తల్లీ. వైవా అంటే నోటితో చెప్పాలి. చెప్పకపోతే ఫెయిలే."

మాట్లాడకపోతే పుస్తకాలు పొయ్యిలోకి. మాట్లాడినా పొయ్యిలోకే.

పైగా తలుపు దగ్గర అటెండర్ పగిడయ్య నిలబడి ఉన్నాడు. ఆయనది తండా పక్క ఊరే. రోజూ జమ్లి చేతి చాయ్ తాగి ఇంటికి పోయే మనిషి. ఇక్కడ దగ్గినా అక్కడ తెలుస్తుంది.

హేమ్లి కొంగు ఇంకాస్త ముందుకు లాక్కుంది.

అప్పుడు కుర్చీ చప్పుడైంది.

రామ్‌సింగ్ లేచాడు. కుర్చీని కిటికీ వైపు తిప్పి, ఆమెకు వీపు పెట్టి కూర్చున్నాడు.

తండాలో గేదె తప్పిపోయినా, పిల్లలకు జ్వరమొచ్చినా కోడలు ఆ కబురు గోడకు చెబుతుంది. అక్కడే ఉన్న బావ వింటాడు. అందులో తప్పు లేదు.

గేదెకు, జ్వరానికి అది చెల్లుతుంది. లెక్కకు చెల్లుతుందా అని ఇంతవరకు ఎవరూ అడగలేదు.

హేమ్లి బోర్డు వైపు తిరిగింది. గోడకు ఎంత దగ్గరగా నిలబడిందంటే సున్నం వాసన వచ్చింది.

"గోడను ఆనుకున్న నీళ్లు గోడను ఇడువయి. గోడ కదలదు. అవి గూడ కదలవు."

మిగతాదంతా ఒక్క ఊపిరిలో వచ్చేసింది. తన గొంతు అంత పెద్దదని ఆమెకు తెలియదు.

వెంకటప్పయ్య ఇద్దరి వీపులనూ మార్చి మార్చి చూసి మార్కులు వేసుకున్నాడు.

బయటికి వచ్చేసరికి పగిడయ్య లేడు. ముందు బస్సుకే పోయాడన్నారు.

ఆమె ఇల్లు చేరేసరికి చీకటి పడుతోంది. పొయ్యి మండుతోంది.

అరలో ఉండాల్సిన పుస్తకాలు పొయ్యి పక్కన ఉన్నాయి.

జమ్లి వాటి ముందు కూర్చుని ఉంది. హేమ్లి లోపలి అర్రలోకి పోయి గోడకు ఆనుకుని నిలబడింది.

స్కూటరు ఆగింది.

"నీ ముందర నోరిప్పిందంట?" జమ్లి పెద్దకొడుకును అడిగింది.

"నాకేం చెప్పలే అమ్మా. గోడకు చెప్పింది."

పొయ్యిలో పుల్ల చిటపటలాడింది.

"ఏం చెప్పింది గోడకు?"

"గోడను ఆనుకున్న నీళ్లు కదలవని."

జమ్లి పొయ్యి పక్కకు చేయి చాపింది. పైనున్న పుస్తకం చేతిలోకి తీసుకుంది. తెరవలేదు, పొయ్యిలో వేయనూ లేదు.

తర్వాత, కొడుకు వైపు కాకుండా, గోడ వైపు తిరిగింది.

"మరి వాటి పక్కనున్న నీళ్లు?"

అడిగింది తనను కాదని రామ్‌సింగ్‌కు తెలిసింది. వాకిట్లోకి పోయి, వినపడేంత దూరంలో నిలబడ్డాడు.

గోడ అవతల హేమ్లి గొంతు సవరించుకుంది.