బొట్టు పెట్టిన చిప్

మామగారు డ్యూటీ దిగేలోగా ఆయన కారు ఇల్లు చేరాలి. అదేమో సిల్తారా అనే ఊరి దారిలో, చిమ్మచీకట్లో ఆగిపోయింది. పికప్ పెంచుతానని ఆయన కొడుకు సూరిబాబు సొంతంగా ప్రోగ్రామ్ రాసి, ఇంజిన్ కంప్యూటర్‌లో పెట్టిన చిప్ మొరాయించింది. దాని గాజుకంటికి వెలుగు తగిలితే రాసింది చెరిగిపోతుందంటే, కొత్త పెళ్లికూతురు ఊర్మిళ తన బొట్టుబిళ్లే తీసి అంటించింది కూడా.

"పాతదే పెట్టేద్దాంలే," అంటూ అతను చిప్ ఊడదీసి ఆమె అరచేతిలో పెట్టాడు.

పాతది పెట్టకముందే ఇంజిన్ స్టార్టయింది. ఎన్నడూ లేనంత మెత్తగా.

"ఏమండీ, చిప్ లేకుండా నడవదన్నారుగా? అది నా చేతిలోనే ఉంది."

"తాళం నా జేబులో ఉంది, ఊర్మీ."

ఆమె చిప్‌ను గుప్పిట్లో బిగించింది. "మామగారొచ్చేస్తారు. ఎక్కుదామా మరి?"

సూరిబాబు ఖాళీ డ్రైవర్ సీటు వైపు చూశాడు. మర్యాదగా వెనక తలుపు తీశాడు.

"మనం ఇక్కడ కూర్చుందాం."