ఎడమ చెవి వెనక

"ఈయన ఇలా ఉండరు తల్లీ."

వెనక నుంచి వినబడిన మాటకు బొమ్మలమ్మాయి చేతిలో పెన్ను ఆగిపోయింది.

గుమ్మంలో పక్క వాటాలోకి కొత్తగా దిగిన ముసలాయన. నీళ్ళ మోటారు ఎప్పుడు వేస్తారో కనుక్కోవడానికి ఖాళీ బకెట్టుతో వచ్చాడు. చూపు మాత్రం కంప్యూటర్ తెర మీద ఆమె చెక్కుతున్న ముఖం మీదే ఉంది.

"మా నాన్న ఎలా ఉండేవాడో మీకేం తెలుసు తాతగారూ?" నవ్వుతూనే అడిగింది.

ఆయన బకెట్టు కింద పెట్టాడు.

మొన్నమొన్నటిదాకా ఆమె మట్టిబొమ్మలను అంగుళం అంగుళం జరుపుతూ, ఫొటోలు తీస్తూ చిన్న సినిమాలు చేసేది. ఈమధ్యే కంప్యూటర్లో చెక్కడం పట్టుబడింది. మొదటి సినిమా మూడు నిమిషాలది. సైకిలు తొక్కుతున్న నాన్న ఒక్కసారి వెనక్కి తిరిగి చూస్తాడు. అంతే కథ.

అది అమ్మ కోసం. అమ్మకు చూపు తగ్గిపోతోంది. పూర్తిగా పోయేలోపు నాన్నను ఒకసారి కదులుతుండగా చూపించాలి.

ఇప్పటికి మూడుసార్లు చూపించింది. మూడుసార్లూ అమ్మది ఒకటే మాట.

"బాగానే ఉన్నాడే. ఎవరబ్బాయి?"

ముసలాయన ఓ అడుగు ముందుకు వేశాడు.

"రెండువైపులా అచ్చు ఒకేలా ఉంది. బతికున్న మనిషికి అలా ఉండదు. పోయాక కూడా ఉండదు."

ఆమె నాలిక కరుచుకుంది. ఒకవైపు చెక్కితే రెండోవైపు దానంతటదే చెక్కుకుపోయే ఏర్పాటు ఒకటుంది. పని తొందరగా తెములుతుందని మొదట్లో పెట్టుకుంది. తీసేయడం మరిచిపోయింది.

తీసేసింది.

"కుడి దవడ ఒక్క నూలుపోగంత కిందికి."

దించింది.

"ముక్కుదూలం కాస్త ఎడమకు."

ఆయన బొటనవేలు గాలిలో ఏదో మెత్తటిదాన్ని అదుముతున్నట్టు కదులుతోంది. వేలు ఎటు పోతే ఆమె పెన్ను అటు పోయింది.

"ఎడమ చెవి వెనక కందిగింజంత ఎముక. కంటికి ఆనదు. తడిమితే తెలుస్తుంది."

"మా నాన్న చెవి మెలిపెట్టడానికి మీరేమైనా బళ్ళో పంతులా?"

"ఆయన గొంతు నేనెప్పుడూ వినలేదు తల్లీ. ముఖం వరకే తెలుసు."

ఆమె నవ్వు సగంలో ఆగిపోయింది.

"కళ్ళు నువ్వే చూసి పెట్టుకో. తెరిచి ఉండగా నేను చూడలేదు."

లేచి బకెట్టు ఆయన చేతికిచ్చి గుమ్మం దాటించింది.

"మోటారు ఆరింటికి," అంటూ తలుపు వేసి గడియ పెట్టేసింది.

తర్వాత ఆయన రెండుసార్లు తలుపు తట్టాడు. ఆమె తీయలేదు.

గడప దాటకుండా కూర్చుంటే పది రోజులకు సినిమా పూర్తయింది. కళ్ళు తన జ్ఞాపకంలోంచి పెట్టింది.

అమ్మ కుర్చీని తెరకు ఆనించుకుని కూర్చుంది. నాన్న వెనక్కి తిరిగాడు. తెర నిండా ఆయన ముఖమే; ఎడమ చెవి వెనక ఎముక మీద వెలుగు పడింది. అమ్మ చెయ్యి నోటికి అడ్డం వెళ్ళింది.

"మీ నాన్నే."

"ఇంకోసారి చూస్తావా?"

"ఆ చెవి వెనకది ఎవరు చెప్పారే నీకు? ఫొటోల్లో ఉండదు. నాకు తప్ప ఎవరికీ తెలీదు."

"పక్క వాటా తాతగారు. అదో రకం మనిషిలే. భయమేసి తలుపేసుకున్నా."

"ఎలా ఉంటాడు?"

"పొట్టిగా. గోళ్ళు మొదలంటా కత్తిరించుకుంటాడు. దగ్గరికొస్తే ఆసుపత్రి వాసన."

అమ్మ గోడ పట్టుకుని లేచింది. "పద. నన్ను తీసుకెళ్ళు."

పక్క వాటాకు తాళం వేసి ఉంది. ఇల్లుగలావిడ ఆ గది ముందు వరండా కడుగుతోంది.

"ఇంకెక్కడి తాత? సోమవారమే పోయాడు. నా అన్నవాళ్ళు ఒక్కరూ రాలేదు. మున్సిపాలిటీ వాళ్ళే తీసుకెళ్ళారు."

అమ్మ ఆ తడి మెట్ల మీదే కూలబడింది.

"లారీ కింద మీ నాన్న ముఖం సగం పోయిందే. చూడొద్దు, మూటగట్టి ఇచ్చేస్తామన్నారు డాక్టర్లు. సాయంత్రం దాకా ఆగమ్మా అని తలుపేసుకుని, మిగిలిన సగం తడిమి తడిమి చూసుకుంటూ, పోయిన సగాన్ని మైనంతో నిలబెట్టి, కడసారి చూసుకోమని మీ నాన్నను నాకు అప్పగించిన శవాలగది మనిషి ఆయనే."