ఊట పైన వాలు

"ఆ వాలు జోలికి రావద్దన్నానా!" ఉసున్ అవ్వ పటం మీద అరచెయ్యి పెట్టేసింది.

ఊరి కుటుంబాలన్నీ కలిసుండే పొడవింటి వరండాలో ఊరంతా కూర్చుని ఉంది. రాబోయే ముప్పయ్యేళ్ళూ అడవిలో ఎక్కడ నరకాలి, ఎక్కడ నాటాలి, దేన్ని ముట్టకూడదు అన్నది ఆ రోజు తేలిపోవాలి. పటం గీసింది అడవి సంఘం పెద్ద బిలుంగ్.

"అవ్వా, అక్కడున్నవన్నీ తుప్పలే. కొట్టేసి సెంగోన్ మొక్కలు వేస్తే ఏడేళ్ళకే కలప చేతికొస్తుంది. పాత అడవి మీద చెయ్యి పడకుండా ఉంటుంది."

"అక్కడ ఉలిన్ పెరగాలి."

అందరూ గొల్లున నవ్వారు. ఉలిన్ చెట్టు దూలానికి పనికిరావాలంటే నూరేళ్ళు చాలవు.

"ఎవరికే అవ్వా? నీ శవపెట్టెకా?" అన్నారెవరో.

అవ్వ వాళ్ళకేసి చూడనైనా లేదు. బిలుంగ్ మోచెయ్యి పట్టుకుంది. "అందరి ముందూ చెప్పేది కాదు. నడు."

బిలుంగ్ పటం చుట్టి చంకలో పెట్టుకున్నాడు. ఇద్దరూ వాగు దాటి, ఊట పక్కనుంచి ఎక్కారు. బిలుంగ్ తుప్పల్లో అడుగు వెయ్యబోయేసరికి అవ్వ అరిచింది. "కాలు చూసుకో!"

అతను వంగి కొమ్మలు పక్కకు తీశాడు. ఉలిన్ మొక్కలు. జానెడువి, నడుమెత్తువి, తల దాటినవి. వాలంతా అవే.

"ఎవరు నాటారు?"

"ఇంకెవరు, నేనే. ఊళ్ళో ఏ కాన్పు చేసినా మర్నాడొచ్చి బిడ్డకో గింజ పాతేదాన్ని." మణికట్టంత లావున్న మొక్కను నిమిరింది. "ఇది నీది. ముప్పై రెండేళ్ళకి ఇంతే ఎదిగింది. అయినా నీకన్నా నయం, ఎదురు చెప్పదు."

బిలుంగ్ నవ్వి, ఆ మొక్కను తనూ ఒకసారి తాకాడు. మోకాలి మీద పటం పరిచాడు. సెంగోన్‌ని వాగు అవతలి గడ్డిబీడుకి మార్చి, ఈ వాలు మీద 'ముట్టరాదు' అని రాశాడు.

లేవబోతూ ఆగాడు. తన మొక్కకు మూరెడు దూరంలో ఇంకొకటి ఉంది. అంతే లావు, అంతే ఎత్తు. దాని చుట్టూ మాత్రం గడ్డి పరకైనా లేదు.

"ఇదెవరిది అవ్వా?"

అవ్వ వంగి దాని మొదట్లో రాలిన ఆకు ఏరి పారేసింది.

"అదే కాన్పులో నీ వెనకే పుట్టింది, ఆడపిల్ల. ఏడవలేదు," అంది నెమ్మదిగా. "ఇప్పటికీ మీ అమ్మే వచ్చి కలుపు తీసి వెళ్తుంది."