బూరెబుగ్గల అక్షరాలు

గొడ్డలి అన్న పేరు వింటేనే అందరూ హడలిపోయే ఆ మనిషి, కొత్త బోర్డును పీకి తెచ్చి పెయింటర్ బల్లకేసి కొట్టాడు. రంగు డబ్బాలు ఎగిరిపడ్డాయి.

"ఏం రాయమన్నాన్రా నిన్ను?"

"'ఈ స్థలంలో అడుగుపెడితే కాళ్లు విరుగుతాయి' అని. అదే రాశానన్నా."

"చూస్తే గుండె జారాలన్నాను! పాతకాలం సర్కస్ బోర్డులా ఈ బూరెబుగ్గల అక్షరాలేంట్రా? పిల్లలొచ్చి పక్కన నిలబడి ఫోటోలు దిగుతున్నారు!"

చెంప ఛెళ్లుమంది. పెయింటర్ పెదవి చిట్లింది. గొడ్డలి అతని జుట్టు పట్టుకుని ముఖాన్ని బోర్డుకేసి రుద్దాడు. తెల్ల రంగు మీద నెత్తురు పులుముకుంది.

"మళ్లీ రాయి, నా కళ్లముందే. అంచులు కత్తుల్లా ఉండాలి."

"రాదన్నా."

"ఎందుకు రాదు? ఒకప్పుడు రాసేవాడివిగా!"

"అంచు పదునుగా రావాలంటే కుంచెను బిగించి పట్టాలి. ఈ వేళ్లు ముడుచుకోవు." పెయింటర్ కుడిచెయ్యి ఎత్తాడు. మూడు వేళ్లు మూడు దిక్కులు చూస్తున్నాయి. "నీ మీద సాక్ష్యం చెప్పానని, ఈ బల్ల సొరుగులోనే పెట్టి విరిచావు. అప్పట్నుంచీ ఏం రాసినా ఇలాగే ఉబ్బి, ఊగుతూ వస్తోంది. జనానికేమో ఇవే ముద్దొస్తున్నాయి."

గొడ్డలికి గుర్తు రావడానికి కాస్త సమయం పట్టింది. విరిచిన వేళ్లు ఒకటా రెండా.

పట్టు వదిలి గుమ్మంలోకొచ్చాడు. ఐస్‌క్రీమ్ బండి, బొమ్మల కొట్టు, సెలూను, చివరికి తన కూతురు చదివే బడి గేటు. అన్నిటి మీదా అవే అక్షరాలు.

వీధి పొడుగునా తన చేతిపనే పకపకా నవ్వుతోంది.